పొద్దుతిరుగుడు ఎటు తిరుగుతుంది? పెరట్లో విత్తు నుంచి గింజ దాకా

పొద్దుతిరుగుడు పువ్వు ఎటు చూస్తుంది? తరగతిలో ఎప్పుడు అడిగినా ఈ ప్రశ్నకు ఒకటే జవాబు వస్తుంది: "సూర్యుడి వైపు." పేరులోనే జవాబు ఉంది కాబట్టి ఎవరూ ఆలోచించరు. అయితే ఒక పని చేయండి. నిండుగా పూసిన పొద్దుతిరుగుడు చేను గట్టు మీద సాయంత్రం అయిదు గంటలకు నిలబడండి. సూర్యుడు పడమట వాలి ఉంటాడు. పూలు మాత్రం దాదాపు అన్నీ తూర్పుకు ముఖం పెట్టి, సూర్యుడికి వీపు చూపిస్తూ ఉంటాయి.

మరి పేరు అబద్ధమా? కాదు, సగం నిజం. పొద్దుతో పాటు తిరిగేది పెరిగే వయసులో ఉన్న మొక్క. విచ్చుకున్న పువ్వు తిరగదు, తూర్పున ఆగిపోతుంది. ఈ రెండూ ఒకే మొక్క జీవితంలో కొద్ది వారాల తేడాతో జరుగుతాయి. చేనుకు ఒకరోజు వెళ్ళి వస్తే ఈ మార్పు కనిపించదు. రోజూ మన కళ్ళెదుట ఉండే మొక్క కావాలి. పెరట్లో నాలుగు గజాల నేల ఉన్నా, డాబా మీద నాలుగు పెద్ద కుండీలు ఉన్నా చాలు. విత్తిన నాటి నుంచి గింజ రాలే దాకా ఇది సుమారు మూడు నెలల పని. సెలవుల్లో మొదలుపెట్టి సెలవుల్లో ముగించే పని కాదని ముందే చెబుతున్నాను.

మొక్క మన దేశానిది కాదు. దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి ఆదిమవాసులు నాలుగు వేల ఏళ్ళకు పూర్వమే దీన్ని సాగులోకి తెచ్చారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు ఐరోపాకు తీసుకువెళ్తే, చాలాకాలం అది తోటల్లో అందానికి పెంచే మొక్కగానే ఉండిపోయింది. నూనె పంటగా దాన్ని తీర్చిదిద్దినది రష్యా. క్రాస్నోదార్‌లో పుస్తోవొయ్త్ అనే శాస్త్రవేత్త తరం తరువాత తరంగా ఎంపిక చేస్తూ గింజలో నూనె శాతాన్ని బాగా పెంచాడు. అలాంటి సోవియట్ నూనె రకాలను 1969లో తెప్పించడంతో మన దేశంలో ఈ పంట సాగు ఊపందుకుంది. 1990ల తొలినాళ్ళలో 20 లక్షల హెక్టార్లు దాటిన సాగు ఇప్పుడు అందులో చిన్న భాగానికి తగ్గిపోయింది. మన వంటింట్లోని పొద్దుతిరుగుడు నూనెలో అత్యధిక భాగం దిగుమతే. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే ఇక్కడ నూనె ధర ఎందుకు ఎగిసిందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. రైతు ఈ పంటను వదులుకోవడానికి గల కారణాల్లో కొన్ని మన పెరట్లోనూ కనిపిస్తాయి. వాటి దగ్గరకు తరువాత వద్దాం.

విత్తనం అనుకునేది విత్తనం కాదు

పొద్దుతిరుగుడు గింజను చేతిలోకి తీసుకోండి. నల్లగానో, తెల్ల చారలతోనో ఉన్న ఆ పెంకు బీజకవచం కాదు, ఫలకవచం. అంటే మీ చేతిలో ఉన్నది ఒక పూర్తి ఫలం. వృక్షశాస్త్రంలో దీన్ని సిప్సెలా అంటారు. పెంకు ఒలిస్తే లోపల పలుచని పొర కప్పుకుని ఉన్న పప్పే అసలు విత్తనం. దాన్ని నిలువునా చీల్చితే రెండు బీజదళాలు, వాటి కొనలో చిన్న అంకురం కనిపిస్తాయి. పప్పును తెల్ల కాగితం మీద పెట్టి గోటితో నలపండి. నూనె మరక పడుతుంది. పప్పు బరువులో సుమారు సగం నూనే. మొలక నేల చీల్చుకుని వచ్చి, ఆకు పచ్చబడి, సొంతంగా ఆహారం తయారుచేసుకునే దాకా ఆ నూనే దాని బత్తెం. మొలకెత్తేటప్పుడు ఎంజైములు ఆ నూనెను చక్కెరగా మారుస్తాయి. జంతువుల శరీరం కొవ్వును ఇలా చక్కెరగా మార్చుకోలేదు, మొలక మార్చుకోగలదు.

విత్తనం ఎక్కడ దొరుకుతుంది? కిరాణా కొట్లో వేయించి ఉప్పు రాసి అమ్మే గింజలు పనికిరావు. వేడికి అంకురం చచ్చిపోయి ఉంటుంది. విత్తనాల దుకాణంలో కొన్నది మేలు. చిలుకల మేతగా అమ్మే గింజలు కూడా చాలాసార్లు మొలుస్తాయి, పరీక్షించి వాడుకోవచ్చు. పరీక్ష సులభం. ఇరవై గింజలను తడిగుడ్డలో మూటకట్టి, గుడ్డ ఆరిపోకుండా చూస్తూ వారం రోజులు ఉంచండి. ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి అయిదుతో గుణిస్తే మొలకశాతం వస్తుంది. ఎవరైనా బంధువులు తమ చేలో అప్పుడే కోసిన గింజలు ఇస్తే వెంటనే విత్తకండి. కొత్త గింజకు సుమారు నలభై, నలభై అయిదు రోజుల సుప్తావస్థ ఉంటుంది. బతికే ఉంటుంది, కానీ మొలవదు. అడవి మొక్కకు ఇది ఒక రక్షణ. పక్వమైన వెంటనే అకాలంలో మొలిచి ఎండకో మంచుకో బలి కాకుండా కాపాడుతుంది. ఇథిలీన్ వాయువు ఈ నిద్రను తొలగిస్తుంది. కాయలను మాగించేదీ ఆ వాయువే.

ఎప్పుడు విత్తాలి? పగటి నిడివిని పెద్దగా పట్టించుకోని మొక్క కాబట్టి ఏడాదిలో ఎప్పుడైనా పూస్తుంది. అయినా మన ప్రాంతంలో పూత సమయాన ముసురు పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది, ఆకుమచ్చ తెగులు వస్తుంది. పెరటి కోసమైతే నవంబరు మొదలుకొని జనవరి నెలాఖరు లోపల విత్తమని నా సలహా. పూత సమయానికి ఆకాశం తెరిపిగా ఉంటుంది, ఎండ మరీ ముదరదు.

రోజంతా ఎండపడే చోటు ఎంచుకోండి. ముఖ్యంగా తూర్పు వైపు గోడ అడ్డం ఉండకూడదు, లేకపోతే మన ప్రయోగమే చెడిపోతుంది. దీనిది లోతుకు దిగే తల్లివేరు. నారు పోసి పీకి నాటితే ఆ వేరు తెగి మొక్క కోలుకోదు. అందుకే నేరుగా నేలలోనే విత్తాలి. గింజలను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, రెండు మూడు సెంటీమీటర్ల లోతున గుంటకు రెండు చొప్పున వేయండి. వరసకు వరసకు రెండడుగులు, మొక్కకు మొక్కకు ఒక అడుగు ఎడం ఉండాలి. కుండీ అయితే కనీసం అడుగున్నర లోతుండాలి, కుండీకి ఒక్క మొక్కే. పొట్టి రకాలు కుండీకి బాగుంటాయి. ఎన్నో ఏళ్ళుగా సాగులో ఉన్న మోర్డెన్ రకం మూడడుగులకు అటూ ఇటూగా పెరిగి సుమారు ఎనభై రోజుల్లో కోతకు వస్తుంది. ఏదైనా సరే, ఒక్క మొక్కతో సరిపెట్టుకోకండి. కనీసం ఆరు మొక్కలుండాలి, వాటిలో సగం మిగతావాటికంటే అయిదారు రోజులు ఆలస్యంగా విత్తాలి. కారణం పూత దగ్గర తెలుస్తుంది.

నాలుగు నుంచి ఏడు రోజుల్లో మొలక వస్తుంది. వచ్చే తీరు గమనించండి. ముందు పైకి వచ్చేది ఆకుల కొన కాదు, వంగిన లేత కాండం. కొక్కెంలా వంగి మట్టిని తోసుకుని, ఆ తరువాత నిటారుగా లేస్తూ బీజదళాలను వెనక నుంచి బయటికి లాగుతుంది. చాలాసార్లు పెంకు ఆ బీజదళాలకు టోపీలా పట్టుకుని వస్తుంది. దాన్ని గిల్లి తీయాలని చేయి లాగుతుంది, వద్దు. కాస్త నీళ్ళు చిలకరిస్తే మెత్తబడి అదే రాలుతుంది. ఈ దశలో చీమలు, పిచ్చుకలు, ఉడుతలు మీకు పోటీ. బుట్టో, పాత వలో కప్పి ఉంచండి. రెండో వారంలో గుంటకు ఒక బలమైన మొక్కను ఉంచి రెండోదాన్ని పీకేయాలి. చాలామందికి మనసొప్పదు. రెండూ ఉంచితే రెండూ గిడసబారిపోతాయి.

కాండం చేసే పని

మొక్క జానెడు ఎత్తు దాటాక అసలు కథ మొదలవుతుంది. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం, సాయంత్రం అయిదింటికి కొన ఎటు వంగి ఉందో చూసి నోటుపుస్తకంలో బాణం గుర్తు వేయండి. ఉదయం తూర్పుకు, మధ్యాహ్నం దాదాపు నిటారుగా, సాయంత్రం పడమరకు ఉంటుంది. ఇది అందరూ ఊహించేదే. ఊహించనిది రాత్రి జరుగుతుంది. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి టార్చి వేసి చూడండి. ఇంకా పొద్దు పొడవకముందే, వెలుతురు జాడ లేకుండానే, కొన మళ్ళీ తూర్పుకు తిరిగి ఎదురుచూస్తూ ఉంటుంది. సూర్యుడు లాగితే తిరుగుతుందని అనుకుంటే, చీకట్లో దాన్ని వెనక్కి తిప్పినది ఎవరు?

దీనికి స్పష్టమైన సమాధానం 2016లో వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో స్టేసీ హార్మర్ బృందం కాండానికి రెండు పక్కలా సిరాచుక్కలు పెట్టి, కెమెరాతో వాటి మధ్య దూరాన్ని గమనించింది. పగటిపూట కాండం తూర్పు పక్క ఎక్కువగా పెరుగుతుంది, అందువల్ల కొన పడమరకు వంగుతుంది. రాత్రి పడమటి పక్క ఎక్కువగా పెరుగుతుంది, కొన తూర్పుకు వస్తుంది. అత్తిపత్తి ఆకు ముడుచుకోవడం కణాల్లో నీరు తగ్గడం వల్ల జరుగుతుంది, మళ్ళీ నీరు చేరితే విచ్చుకుంటుంది. పొద్దుతిరుగుడు కదలిక అలాంటిది కాదు. ఇది పెరుగుదలే. జిబ్బరెల్లిన్ హార్మోను లోపించి మరుగుజ్జుగా ఉండే మొక్కలు తిరగలేకపోవడం, ఆ హార్మోను అందిస్తే మళ్ళీ తిరగడం ఇందుకు సాక్ష్యం. మొక్కలను గదిలోకి తెచ్చి తల మీద కదలని దీపం పెట్టినా కొన్ని రోజులు అవి అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి. అంటే లోపల ఒక జీవగడియారం నడుస్తోంది. మనం అలారం లేకుండా రోజూ ఒకే వేళకు మేలుకోవడం వంటిదే ఇదీ.

కిటికీ పక్కన మొక్క వెలుతురు వైపు వంగడాన్ని కాంతి అనువర్తనం అని మీరు పాఠంలో చదివారు. సూర్యుడితో తిరగడం కూడా అదేననీ, నీలికాంతిని గ్రహించే అణువుల పనేననీ చాలాకాలం అనుకున్నారు. అదే ప్రయోగశాల 2023లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, గదిలో నీలికాంతి వైపు వంగే మొక్కలో కనిపించే జన్యు చర్యలు, ఆరుబయట సూర్యుడితో తిరిగే మొక్కలో కనిపించేవి ఒకటి కావు. ఈ విషయం ఇంకా తేలవలసి ఉంది.

మీ పెరట్లో రెండు ప్రయోగాలు చేయవచ్చు. మొదటిది సిరాచుక్కలు. కొన కింద లేత కాండం మీద తూర్పు పక్క రెండు, పడమటి పక్క రెండు చుక్కలు సెంటీమీటరు ఎడంతో పెట్టండి. పొద్దుపోయాక, తెల్లవారాక దారంతో కొలవండి. తేడా చాలా స్వల్పంగా ఉంటుంది, ఒక్క మొక్క మీద తేలకపోవచ్చు, అన్ని మొక్కల కొలతలూ కలిపి చూడాలి. రెండోది కుండీ ప్రయోగం. సాయంత్రం కుండీని సగం చుట్టు తిప్పండి. మర్నాడు ఉదయం ఆ మొక్క పడమరకు ముఖం పెట్టి నిలబడి ఉంటుంది. మళ్ళీ సర్దుకోవడానికి దానికి ఎన్నాళ్ళు పడుతుందో చూడండి. అంతకుమించి తిప్పుతూ పోకండి. డేవిస్ ప్రయోగంలో రోజూ ఇలా తిప్పిన మొక్కలు మిగతావాటికంటే తక్కువ ఎదిగాయి.

ఆగిపోయిన పువ్వు

విత్తిన నెల, నెలాపదిరోజులకు కొనలో నక్షత్రం వంటి మొగ్గ కనిపిస్తుంది. నీటికి లోటు రాకూడని కాలం ఇదే. మొగ్గ నుంచి గింజ పాలుపోసుకునే దాకా నేల తడి ఆరకూడదు. మొగ్గ విచ్చుకునే వేళకు కాండం పెరుగుదల మందగించి గట్టిపడుతుంది. పెరగడం ఆగితే తిరగడమూ ఆగుతుందని మీరే చెప్పగలరు. మరి పడమరనో, నడుమనో కాక తూర్పునే ఎందుకు ఆగుతుంది? మొక్క ఉదయపు వెలుగుకు స్పందించినంతగా సాయంత్రపు వెలుగుకు స్పందించదు. ఒక్కో రోజూ పడమరకు వంగడం కొంచెం కొంచెం తగ్గి, చివరికి తూర్పునే నిలిచిపోతుంది.

దీనివల్ల మొక్కకు లాభమేమిటి? అదే బృందం కొన్ని పూల కుండీలను పడమరకు తిప్పి పోల్చింది. ఉదయం వేళ తూర్పు ముఖపు పూలకు పడమటి పూలకంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువ తేనెటీగలు వచ్చాయి. తూర్పు పువ్వు త్వరగా వేడెక్కుతుంది. పడమటి పువ్వులను హీటరుతో వెచ్చబరిస్తే వాటికీ ఈగలు పెరిగాయి. ఇంతవరకు చదివినదంతా మొక్క చేసే విద్యగా కనిపించి ఉంటుంది. దాని ఫలితం ఇక్కడ ఉంది: తేనెటీగ వస్తే గింజ, రాకపోతే తాలు.

ఎందుకో తెలియాలంటే పువ్వును దగ్గరగా చూడాలి. అది ఒక పువ్వు కాదు, వందలాది పూల గుంపు, శీర్షవత్ పుష్పవిన్యాసం. అంచున రేకుల్లా ఉన్నవి కిరణ పుష్పకాలు. అవి గొడ్డువి, గింజ కట్టవు, ఈగలను పిలవడమే వాటి పని. మధ్యలో చక్ర పుష్పకాలు అంచు నుంచి లోపలికి రోజుకు కొన్ని వరసల చొప్పున వారం, పది రోజులు విచ్చుకుంటాయి. ఒక్క పుష్పకాన్ని భూతద్దంతో చూడండి. అయిదు పరాగకోశాలు కలిసి ఒక గొట్టంగా ఏర్పడి ఉంటాయి. లోపలి నుంచి కీలం పెరుగుతూ, సైకిలు పంపులో కడ్డీలాగా పుప్పొడిని పైకి తోస్తుంది. కీలాగ్రం ఆ తరువాత గాని రెండుగా విచ్చుకోదు. తన పుప్పొడి తనకే అందకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. దీనికి తోడు చాలా రకాల్లో సొంత పుప్పొడి పడినా ఫలదీకరణ జరగదు. ఒంటరి మొక్క ఎంత అందంగా పూసినా గింజలన్నీ తాలుగా మిగలడానికి కారణం అదే. ఆరు మొక్కలు, రెండు దఫాలుగా విత్తమన్నది ఇందుకే.

తేనెటీగలు తక్కువగా ఉన్న చోట రైతులు చేసే పని ఒకటుంది. పూత సమయంలో ఉదయం తొమ్మిది నుంచి పదకొండు గంటల మధ్య చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, రోజు విడిచి రోజు ఒక్కో పువ్వునూ సున్నితంగా నిమురుతారు. లేదా పక్కపక్క పూలను ఎదురెదురుగా తాకిస్తారు. మీరూ చేయండి. అయితే ఒక పువ్వును విచ్చకముందే పలుచని గుడ్డసంచితో కప్పి, ఈగకూ చేతికీ అందకుండా వదిలేయండి. ఇంకో పువ్వును ఈగలకే వదలండి. మూడోదాన్ని ఈగలకు వదిలి, చేతితోనూ నిమరండి. కోతయ్యాక ఒక్కోదాని నుంచి వంద గింజలు తీసి, నొక్కి చూసి, ఎన్ని గట్టివో ఎన్ని తాలో లెక్కించండి. సంకర రకాల్లో కొంత స్వయం ఫలదీకరణ ఉంటుంది కాబట్టి సంచిలోనూ కొన్ని గింజలు కట్టవచ్చు. మూడు అంకెలూ పక్కపక్కన పెడితే ఒక రైతు నష్టం ఎలా ఉంటుందో మీకు తెలుస్తుంది. పూత మీద ఉన్న చేనులో ఉదయం పూట పురుగుమందు కొట్టడమంటే తన గింజను తానే చంపుకోవడం. శనగపచ్చ పురుగు కనిపిస్తే పెరట్లో చేత్తో ఏరివేస్తే చాలు. బోరాన్ లోపం ఉన్నా గింజ కట్టదు. కిరణ పుష్పకాలు విచ్చుకునేటప్పుడు లీటరు నీటికి రెండు గ్రాముల బోరాక్స్ కలిపి పువ్వు మీద చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు.

చుట్టుపక్కల వయ్యారిభామ కలుపు ఉంటే పూత రాకముందే పీకేయండి. 1997లో కర్ణాటకలో బయటపడి తరువాత మన రాష్ట్రంలోనూ పంటను దెబ్బతీసిన నెక్రోసిస్ తెగులుకు కారణం ఒక వైరస్. అది వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు దాన్ని మొక్కకు చేరుస్తాయి. కొన మెలితిరిగి, ఆకులు ఎండిన మచ్చలతో ఉన్న మొక్కకు మందు లేదు, తీసి పారేయడమే. సాగు తగ్గిపోవడానికి గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు ఈ తెగులు, తాలు సమస్య, పక్షుల బెడద కూడా కారణాలే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత నూనెగింజల పరిశోధన సంస్థ పనిచేస్తున్న పంటల్లో ఇదీ ఒకటి.

పుష్పకాలు రాలి గింజలు బయటపడ్డాక వాటి అమరిక చూడండి. కొన్ని వరసలు కుడికి, కొన్ని ఎడమకు సుడులు తిరుగుతాయి. ఒక్కో సుడికి సుద్దముక్కతో గుర్తుపెట్టి లెక్కించండి. 34, 55 అనో, 55, 89 అనో రావచ్చు. ఇవి ఫిబొనాచ్చి వరసలోని సంఖ్యలని మీ గణితం మాస్టారు చెబుతారు. రాకపోవచ్చు కూడా. బ్రిటన్‌లో ప్రజలు పెంచిన 657 పూలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఎక్కువ పూలు ఈ వరసను పాటించాయి, కొన్ని పాటించలేదు. కాబట్టి 54 వస్తే 54 అనే రాయండి, 55కు సరిచేయకండి.

ఇక చిలుకలు. గింజ పాలుపోసుకోగానే పొద్దున, సాయంత్రం వచ్చి, పువ్వు మీదనే తలకిందులుగా వేలాడి, పెంకు ఒలిచి పప్పు తింటాయి. రేకులు వాడగానే పువ్వుకు వల చుట్టండి. రైతులు చేను మీద తళతళలాడే రిబ్బను కడతారు. పువ్వు వెనుక భాగం ఆకుపచ్చ నుంచి నిమ్మపండు రంగుకు మారి, గోధుమరంగు మొదలైతే కోయవచ్చు. రెండు మూడు రోజులు ఎండలో పెట్టి, వెనుక కర్రతో కొడితే గింజలు రాలతాయి. బాగా ఎండిన గింజలను కాగితపు సంచిలో పోసి, కోసిన తేదీ రాసిపెట్టండి. సుప్తావస్థ గడిచాక వాటిలో కొన్నింటిని మళ్ళీ విత్తండి. కొన్నది సంకర విత్తనమైతే పిల్ల మొక్కలు ఎత్తులోనూ, పువ్వు పరిమాణంలోనూ, పూతకు వచ్చే రోజుల్లోనూ ఒకదానితో ఒకటి పోలవు. ఎత్తు, పూత తేదీ మొక్కమొక్కకూ విడిగా రాసుకుంటే, జన్యుశాస్త్రం పాఠంలో రెండో తరం లక్షణాలు విడిపోవడం గురించి చదివేటప్పుడు మీ దగ్గర సొంత పట్టిక ఒకటి ఉంటుంది.